ఖాళీ డబ్బాకు డబ్బులు పొయ్యొద్దు

మన లైన్లలో పిల్లకాయలకు పాత స్పీడు కార్ల మీద మోజు పెరిగింది. బెంగళూరు పక్కనే కదా, చవకగా దొరుకుతాయి. మా అక్క కొడుకు కూడా ఫోర్డ్ ఐకాన్ 1.6 ఒకటి తెచ్చినాడు. కృష్ణగిరి కన్నా హోసూరు 300 మీటర్లకు పైగా ఎత్తు. శూలగిరి దగ్గర ఎక్కుడులో బండి లాగడం లేదంట. కన్వర్టర్ మూసుకుపోయిందని మెకానిక్ తేల్చినాడు. "కొత్తది వెయ్యాలంటే జీతం మొత్తం పోతుంది మామా, ఏం చేద్దాం?" అని అడిగినాడు. ఈ ప్రశ్న ఇంకా చాలా ఇళ్లకు వస్తుంది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఇంజన్‌కూ సైలెన్సర్‌కూ మధ్య ఉండే డబ్బా అది. లోపల తేనెతుట్టె మాదిరి సన్న గూళ్లు, వాటి మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలకుండా మిగిలిన పెట్రోల్ ఆవిరిని అక్కడ కాల్చేస్తుంది. 1995 ఏప్రిల్‌లో మద్రాసుతో సహా నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు దీన్ని తప్పనిసరి చేసినారు. సీసం తగిలితే పూత పాడవుతుంది కాబట్టి సీసం లేని పెట్రోల్ కూడా అప్పుడే వచ్చింది.

కొనే ముందు, పాతది ఎందుకు పోయిందో కనుక్కోండి. ప్లగ్ సరిగా కాలకపోయినా, ఇంజన్ ఆయిల్ తాగుతున్నా కన్వర్టర్ చెడుతుంది. అది బాగుచెయ్యకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది. రోలర్ అరిగిన రింగ్ ఫ్రేమ్‌లో బాబిన్ మారిస్తే నూలు తెగడం ఆగుతుందా?

ఇక ఏది కొనాలి? కంపెనీది దొరికితే మేలు. ఫోర్డ్ 2021లోనే ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు చెప్పేసింది, కాబట్టి పాత మోడల్‌కు వెతకాల్సి రావచ్చు. బయటి కంపెనీదైతే మీ ఇంజన్ సైజుకు, మీ బండి ఏ భారత్ స్టేజ్‌దో దానికి సరిపోవాలి. ఆక్సిజన్ సెన్సర్ రంధ్రం సరైన చోట ఉండాలి. బిల్లు, వారంటీ రాయించుకోండి. గుజిరీ సరుకు వద్దు, లోపల పూత ఎంత మిగిలిందో కంటికి కనపడదు. పైన డబ్బా ఉండి లోపల గూళ్లు లేనివీ అమ్ముతారు, వెలుతురుకు పెట్టి చూడండి.

"అదంతా ఎందుకు, ఖాళీ పైపు వేస్తే పికప్ పెరుగుతుంది" అనేవాళ్లు ఉంటారు. చవకే. కానీ ఆ పొగ పోయేదెక్కడికి? మన సందులో ఇంటి గుమ్మానికీ కారు వెనకకూ మూడడుగులు. అక్కడే పిల్లలు ఆడుకుంటారు. పత్తి దుమ్ము మింగి దగ్గుతున్న మన పెద్దలు అక్కడే మంచం వేసుకుంటారు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు. పైగా పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర బండి ఆగిపోవచ్చు.

ఒక మాట. పాత కన్వర్టర్‌ను షెడ్డులో వదిలి రావద్దు. అందులోని లోహాలకు విలువుంది, పాత సామాన్ల వాళ్లు కొంటారు. నాలుగు చోట్ల ధర అడిగి అమ్మండి. కొత్తదాని ఖర్చులో కొంత అక్కడే తిరిగొస్తుంది.

మా వాడికి చెప్పింది ఇదే: ముందు ప్లగ్గులు, ఆయిల్ చూపించు. జీతం ఒక్కసారిగా పెట్టలేకపోతే రెండు నెలలు బండి నిలబెట్టు. కారు ఆగితే నష్టం లేదు, ఊపిరి ఆగకూడదు.