విశ్వమానవుడికి అద్దె ఇల్లు

'టులెట్' బోర్డు చూసి గేటు తీస్తాం. ఇంటాయన మర్యాదస్తుడు. కూర్చోమంటాడు. మంచినీళ్లు ఇప్పిస్తాడు. హాల్లో గోడకి గుడి, మసీదు, చర్చి పక్కపక్కనే ఉన్న క్యాలెండరు వేలాడుతుంటుంది. నల్లా ఎన్ని గంటలకొస్తుందో, కరెంటు మీటరు వేరో కాదో అన్నీ చెప్తాడు. అద్దె ఖాయమవుతుంది. అడ్వాన్సు తీసి చేతిలో పెట్టబోతుంటే, అప్పుడే గుర్తొచ్చినట్టు, "ఇంతకీ పేరేమన్నావు బాబూ?" అంటాడు.

చెప్తాం.

ఆయన మొహంలో కోపం కనిపించదు. మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది అదే. "ఏమనుకోకు బాబూ. నాకైతే ఇలాంటి పట్టింపుల్లేవు. దేవుడొక్కడే అని నమ్మేవాణ్ణి. ఇంట్లో పెద్దవాళ్లున్నారు, వాళ్లొప్పుకోరు" అంటాడు. రెండో ఇంట్లో ఆ గదుల్లోకి హఠాత్తుగా వాళ్ల అమ్మాయి దిగిపోతుంది. మూడో ఇంట్లో మాంసం వాసన పడదంటారు. ఆదివారం ఆ ఇంటి మసాలా ఘుమఘుమలే వీధి చివరిదాకా వస్తాయి. పొద్దుగూకేసరికి కాళ్లీడ్చుకుంటూ మళ్లీ మా మొహల్లాకే చేరతాం. "మీరంతా ఒకేచోట గుంపుగా ఎందుకుంటారు?" అని అడిగేవాళ్లకి మా జవాబు ఆ మూడు గేట్ల దగ్గర ఉంది. 1990 డిసెంబరులో హైదరాబాద్ తగలబడ్డాక ప్రాణభయంతో ఇళ్లు మారినవాళ్లని అడిగినా చెప్తారు. ముస్లింలకి కోరుకున్న చోట ఇల్లు కొనుక్కోవడం, అద్దెకు తీసుకోవడం కష్టమవుతోందని 2006లో సచార్ కమిటీ కూడా రాసింది. మేం చెప్తే అభాండం. కమిటీ రాస్తే నివేదిక. రెంటినీ బీరువాలో పెట్టి తాళమేశారు.

ఇప్పుడు మాకు విశ్వమానవ విలువలు బోధిస్తున్నారు. సభల్లో, ముందుమాటల్లో, టీ బల్లల దగ్గర ఎప్పుడూ ఒకటే హితవు. "ముస్లింలుగా ఎందుకు రాస్తారు? మనుషులుగా రాయండి. ప్రేమ, దయ, సత్యం - వీటికి మతముందా? కాస్త పైకి ఎదగండి."

ఎదుగుతాం. కానీ ఎంత పైకి ఎదిగితే మీకు మా పేరు వినపడకుండా పోతుందో చెప్పండి.

మీరు చెప్పే ఆ 'మనిషి'ని మేం చాలాకాలంగా చూస్తున్నాం. అతనికి పేరు లేదనుకుంటారు గానీ ఉంది. అది మీ పేరే కాబట్టి మీకు వినపడదు. ఆఫీసులో కొత్త గదికి కొబ్బరికాయ కొడితే అది సంప్రదాయం. శుక్రవారం మధ్యాహ్నం మేం అరగంట అడిగితే అది మతం. మీరు రాస్తే జీవితం, మేం రాస్తే అస్తిత్వం గొడవ. మీ నాయనమ్మ జ్ఞాపకం తెలుగు సంస్కృతి, మా నానీమా జ్ఞాపకం మైనారిటీ సాహిత్యం. విశ్వమానవుడు కావడానికి మీరేమీ వదులుకోనక్కర్లేదు. మేం మాత్రం గడ్డం, బురఖా, సలాం, చివరికి కన్నవాళ్లు పెట్టిన పేరు కూడా గుమ్మం బయట వదిలి రావాలి. ఇదేం విశ్వం? ఇందులో మాకు ఒక గదైనా లేదే!

అసలు ఈ విలువలు మాకు కొత్తవా? నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గరికి రండి. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన రొట్టెల పండుగ జరుగుతుంది. ఆడవాళ్లు, మగవాళ్లు చెరువు నీళ్లలో దిగి నిలబడతారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు. కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. ఆరోగ్యం రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె. ఇంటి రొట్టె కూడా ఉంది. ఇల్లు కట్టుకున్న కులాసాతో ఒకామె "ఇంటి రొట్టె ఎవరికి కావాలమ్మా?" అంటుంది. ఇల్లు లేని ఇంకొకామె కొంగు పడుతుంది. ఒకామె నుదుట బొట్టు ఉంటుంది, ఇంకొకామెకు ఉండదు. ఎవరి పేరూ ఎవరూ అడగరు. అడగాలని తోచదు కూడా. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ముక్కూమొహం తెలియని మనిషికి సొంతిల్లు కావాలని మనసారా కోరుకోవడం - ఇంతకుమించిన ఆధ్యాత్మికత ఏ గ్రంథంలో వెతుకుతారు?

రొట్టె ఇచ్చేటప్పుడు అడగని పేరు ఇల్లు ఇచ్చేటప్పుడు ఎందుకు అడుగుతున్నారు? మా ప్రశ్నంతా ఇదే.

తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ చూడండి. పీర్లకు దట్టీలు కట్టేది, అలావా తవ్వేది, పీరునెత్తుకుని ఊరంతా తిరిగేది ముస్లింలొక్కరే కాదు. మాదిగ, మాల, గొల్ల, గౌడ, చాకలి అందరూ. హసన్ హుస్సేన్‌ల కథను తెలుగులో పాడుతూ ఏడ్చింది వాళ్లే. క్రీ.శ. 680లో కర్బలాలో హుస్సేన్ చేసిందేమిటి? అన్యాయపు పాలకుడికి చేయి చాపి విధేయత చెప్పనన్నాడు. యూఫ్రటీస్ నది దగ్గరే ఉన్నా పసిపిల్లలకు నీళ్లు అందనివ్వలేదు. అందుకే మొహర్రంలో దారినపోయే వాళ్లందరికీ మేం షర్బత్ పోస్తాం. దాహానికి మతం అడగం. వేరే గ్లాసులో నీళ్లు తాగిన కులాలకి ఆ కథ ఎందుకంత దగ్గరయిందో ఎవరూ వివరించనక్కర్లేదు. విశ్వవిలువ అంటే చిరునవ్వు, సర్దుబాటు అని మాత్రమే మీరు చెప్తున్నారు. తలవంచనని చెప్పడం కూడా విశ్వవిలువేనని మా పీర్లు చెప్పాయి.

అయితే ఒక మాట. పీర్లనూ దర్గాలనూ చూపించి మీ దగ్గర మంచి ముస్లిం సర్టిఫికెట్టు తీసుకోవడానికి మేం రాలేదు. ఖవ్వాలీ విని, బిర్యానీ తిని, "మీ సూఫీలు గొప్పవాళ్లండీ" అని బుజం తట్టేవాళ్లని చాలామందిని చూశాం. దర్గాకు వెళ్లేవాడు మంచివాడు, మసీదుకు వెళ్లేవాడు అనుమానితుడు అనే మీ తూకం మాకక్కర్లేదు. ఐదుపూటలా నమాజు చేసేవాడికీ, ఏనాడూ చేయనివాడికీ అద్దె ఇల్లు ఒకేలా కావాలి. హక్కు అడగడానికి ముందు మా మంచితనం రుజువు చేసుకోవాలా? 2020లో కరోనా కాలంలో కూరగాయల బండి తోసుకునేవాడి పేరడిగి వెనక్కి పంపిన వీధులున్నాయి. సొంతవాళ్లే శవాన్ని ముట్టుకోడానికి భయపడితే, ఆ పేర్లవాళ్లే పాడె మోసి దహనం చేసిన ఊళ్లూ ఉన్నాయి. మోసినవాళ్లు సర్టిఫికెట్టు కోసం మోయలేదు. శవాన్ని అలా వదిలేయకూడదని మోశారు. అంతే.

దూదేకులాయన సంగతి చూడండి. భుజాన విల్లు వేసుకుని వీధి వీధి తిరిగాడు. వసారాలో కూర్చుని దూది ఏకి, పరుపు కుట్టి ఇచ్చాడు. పరుపు పడగ్గదిలోకి వెళ్లింది. కుట్టినాయన వసారా దాటలేదు. వీరబ్రహ్మం శిష్యుడు సిద్ధయ్య దూదేకుల ఇంటి బిడ్డేనని మీరు కథలుగా చెప్పుకున్నారు. 1984లో సినిమా వస్తే వెండితెర మీద ఆ గురుశిష్యులను చూసి చేతులు జోడించారు. హాలు బయట, అదే కులపాయన పక్కనుంచి పోతుంటే పక్కకి జరిగారు.

ఇంతవరకూ మీ గుమ్మం. ఇక మా గుమ్మం సంగతి. వేలు మీవైపే చూపించి కూర్చుంటే మేం కూడా ఆ ఇంటాయన లాంటివాళ్లమే అవుతాం.

ఆ దూదేకులాయన్ని మేం మాత్రం లోపలికి రానిచ్చామా? ఉర్దూ రాదని నవ్వాం. తెలుగు మాట్లాడతాడని సగం ముస్లిం అన్నాం. పిల్లనిచ్చే దగ్గర షేక్, సయ్యద్, పఠాన్ లెక్కలు తీశాం. మసీదులో భుజం భుజం కలిపి ఒకే సఫ్‌లో నిలబడతామని ప్రపంచానికి చాటుతాం. నిజమే, నిలబడతాం. సలాం తిప్పి, చెప్పులేసుకుని మెట్లు దిగేసరికి ఆ సఫ్ విడిపోతుంది. తొలి అజాన్ ఇచ్చింది బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి బిలాల్ అని ప్రతి బయానులో చెప్పుకుంటాం. మెహతర్ ఇంట్లో టీ తాగాల్సొస్తే ఇప్పుడే తాగొచ్చామంటాం. మనలో కులాల్లేవనే మాట ఎంత బోలుదో రాష్ట్ర ప్రభుత్వ చట్టమే చూపించింది. దూదేకులవాళ్లు ఏనాటినుంచో బీసీ-బిలో ఉన్నారు. 2007లో వెనకబడ్డ మరో 14 ముస్లిం సమూహాలకి బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. కులాల్లేని చోట ఇన్ని పేర్లు ఎక్కడినుంచి వచ్చాయి?

ఆడవాళ్ల దగ్గరికొస్తే మా విశ్వం ఇంకా ఇరుకు. నికాహ్‌లో మెహర్ కాగితం మీద రాస్తాం, జోడే కీ రఖమ్ మాత్రం చేతిలో లెక్కపెట్టుకుంటాం. ఆడబిడ్డకి ఆస్తిలో వాటా ఖురాన్ ఇచ్చింది, అన్నదమ్ములు ఇవ్వరు. మా మసీదులు చాలావాటిలో అమ్మీలకి నిలబడే చోటే లేదు. జకాత్ అంటే సంపదలో నలభయ్యో వంతు పేదల హక్కు. హక్కు అన్నాక పుచ్చుకునేవాళ్లు తలెత్తుకుని పుచ్చుకోవాలి. రంజాన్‌లో వితంతువులను వరసగా నిలబెట్టి, చీర చేతిలో పెడుతూ ఫోటోలు దిగుతున్నాం. దర్గాకు వెళ్లడం తప్పని కొందరికి గట్టి నమ్మకం ఉండొచ్చు, వాదించుకుందాం. కానీ చాదర్ పట్టుకుని పోయే ముసలమ్మను వెక్కిరించే అధికారం ఏ నమ్మకం ఇస్తుంది? మేం రోజూ తలుచుకునే దేవుడు రబ్బుల్ ఆలమీన్, సకల లోకాలకూ ప్రభువు. రబ్బుల్ ముస్లిమీన్ అని ఎక్కడా లేదు. అది నోటితో చెప్పి, చేత్తో దేవుణ్ణి మా మొహల్లాకి కుదించేస్తున్నాం.

కాబట్టి ఆధ్యాత్మిక విలువలను వేదిక మీద, మైకు ముందు చూసి మేం నమ్మదలుచుకోలేదు. మీవైనా, మావైనా. వాటిని తక్కెట్లో చూస్తాం. తూకం సరిగా ఉందా లేదా. కూలీ చేతిలో చూస్తాం. చెమట ఆరకముందే డబ్బు పడిందా లేదా. పక్కింటి పొయ్యిలో చూస్తాం. అది రాజుకుందో లేదో మనకి తెలుసా లేదా. పుకారు చెవిన పడ్డ రాత్రి చూస్తాం. ఇంకొకరి చెవిన వేశామా, మన దగ్గరే ఆపేశామా. ఇవన్నీ చిన్న పనులే. కానీ నమాజుకీ పూజకీ రోజులో పట్టే సమయం కొంచెమే. మిగతా సమయమంతా మనం అమ్ముతూ, కొంటూ, అద్దెకిస్తూ, పని చేయిస్తూ ఉంటాం. దేవుడు ఆ కొంచెం సేపే చూసి వెళ్లిపోతాడనుకుంటే మన ఇష్టం.

లౌకికవాద మిత్రులతో ఇంకొక్క మాట. డిసెంబరు 6న మాతో కలిసి నడుస్తున్నారు, సంతోషం. 1992 నుంచీ ఆ తోడు మాకు ధైర్యమే. మిగిలిన రోజుల్లో మీ పక్కింటాయన మాకు ఇల్లు లేదన్నప్పుడు మీరు మీ వాకిట్లోనే నిలబడి ఉంటున్నారు. వింటున్నారు. మేం వెళ్లిపోయాక "పాపం" అంటున్నారు. ఆ పాపం మాకొద్దు. గేటు దాటి వచ్చి "ఎందుకివ్వవు?" అని ఆయన్ని ఒక్కసారి అడగండి. మీ ఇంట్లోనే రెండు గదులు ఖాళీగా ఉంటే బోర్డు పెట్టండి. మేం వస్తాం. పేరు ముందే చెప్తాం.

ఇల్లు దొరికితే ఆ ఏడు మొహర్రంకి స్వర్ణాల చెరువులో దిగి ఇంటి రొట్టె ఇస్తాం. అది ఎవరికి కావాలో వాళ్లు కొంగు పట్టండి. పేరు మాత్రం అడగం.