ఇంజన్ టకటకంటే ‘సర్దుకుంటుందిలే’ అనుకోవద్దు

ఆయిల్ మనమే మార్చుకుంటే మెకానిక్ కూలి మిగులుతుంది, నిజమే. నేనూ అట్లే అనుకున్నాను.

పోయిన పంటలో పురుగులు నాలుగో జ్వరం లేచిన మర్నాడే టిల్లర్‌కి ఆయిల్ మార్చినాను. స్టార్ట్ చేస్తే టకటకమని కొత్త శబ్దం. కొత్త ఆయిల్ కదా, సర్దుకుంటుందిలే అని రెండు ట్రిప్పులు మల్బరీ ఆకు తోలినాను. మూడో ట్రిప్పులో ఇంజన్ పట్టేసింది. చూస్తే అడుగు బోల్టు వాషర్ సరిగా కూర్చోలేదు, ఆయిలంతా దారిలోనే కారిపోయింది.

పురుగు మొత్తం తినే ఆకులో నూటికి 80 పాళ్లు పైగా ఆ ఐదో దశలోనే తింటుంది. ఇంటిల్లిపాదీ ఆకు తలమీద మోసినా చాలలేదు. పలచని గూళ్లకి శిడ్లఘట్ట మార్కెట్లో ఎవరు మంచి ధర పెడతారు?

మనమే మార్చుకోవద్దని నేననను. శబ్దం మారిందా, వెంటనే ఆపండి. ఇనుముకి ఇనుము రాసుకునే శబ్దం దానంతట అది సర్దుకోదు. కొంచేపు ఆగి, పుల్ల తీసి ఆయిల్ మట్టం చూడండి. కింద కారుతోందా, డబ్బా మీద గ్రేడు సరైనదేనా చూడండి. అయినా శబ్దం పోకుంటే మెకానిక్‌ని పిలవండి. ఈ పని పురుగులు చంద్రికలు ఎక్కినాకే పెట్టుకోండి. మిగిలే కూలి కంటే పంట పెద్దది.