దత్తాంశ శాస్త్ర శిక్షణము - మన కర్తవ్యము

మా పాఠశాలలో చదివి వెడలిన విద్యార్థులు మమ్ము చూడవచ్చినపుడు ఇటీవల తరచుగా ఒకే ప్రశ్న అడుగుచున్నారు: "అయ్యవారూ, డేటా సైన్సు కోచింగునకు పోవచ్చునా?" వారి తల్లిదండ్రుల ప్రశ్నయు నిదియే. హోసూరునుండి బెంగుళూరు సుమారు 40 కిలోమీటర్లు. ఉదయమున బస్సెక్కినచో మధ్యాహ్నమునకు ముందే శిక్షణాలయము చేరవచ్చును. ఇంకను దూరము పోగలవారికి హైదరాబాదున అమీరుపేట కలదు. కావున ఈ విషయమున మా అభిప్రాయమును విన్నవించుట మా విధి యని తలచుచున్నాము.

ముందుగా మా తప్పిదము నొకటి చెప్పుకొందుము. మూడేండ్ల క్రిందట గులాబీతోట సేద్యము చేయు ఒక తండ్రి మాయొద్దకు వచ్చెను. అతని కుమారుడు మా విద్యార్థియే, అప్పటికి బి.ఎస్‌సి. ముగించియుండెను. ఒక శిక్షణాలయమువారు ఆరు మాసముల చదువునకు లక్షన్నర రూపాయలు కోరిరనియు, ఉద్యోగము ఖాయమని మాట ఇచ్చిరనియు చెప్పి, మా సలహా నడిగెను. ఆ విద్యను గూర్చి మాకేమియు తెలియదు. తెలియదని చెప్పుటకు అభిమానము అడ్డువచ్చినది. "అందరును పోవుచున్నారు గదా, పంపుడు" అంటిమి. ఏడాది గడచిన పిదప ఆయన సంతలో కనబడి, "కోర్సు అయిపాయె అయ్యవారూ, పనైతే రాలేదు. కంతులు మాత్రం నెలనెలా కడతాండాను" అనెను. ఆ మాటలలో మాపై నింద యొక్కటియు లేదు. అందుచేతనే అవి మమ్ము మిక్కిలి బాధించినవి. ఈ వ్యాసము ఆ తండ్రికి మేము బాకీపడిన సమాధానము.

దత్తాంశ శాస్త్రము వింతవిద్య కాదు. సేకరించిన లెక్కలనుండి సత్యమును రాబట్టు విద్య. సాంఖ్యకము, సంభావ్యత అను గణితభాగములు దీనికి పునాది. పైథాన్, ఎస్.క్యూ.ఎల్. అను కంప్యూటరు భాషలు పనిముట్లు. ఆ లెక్కలు బ్యాంకువో, ఆసుపత్రివో, పొలమువో తెలిసికొని వాని యర్థమును పదుగురికి విప్పి చెప్పుట దీని ఫలము. ఆ పిల్లవానిని పిలిపించి అడిగితిమి. మొదటి వారముననే ప్రామాణిక విచలనమును గూర్చి చెప్పిరట, అతనికి బోధపడలేదట. పదవ తరగతి గణితమున ఆ పాఠము కలదు. పుస్తకము చివరనున్నది గనుక పరీక్షల తొందరలో మేమే పైపైన ముగించితిమి. పునాది లేని గోడకు లక్షన్నర రూపాయల సున్నము పూసి ఫలమేమి?

ఇక ప్రకటనల మాట. "మా విద్యార్థుల సగటు జీతము నెలకు నలువది వేలు" అని వ్రాసియుండును. పదిమందిలో తొమ్మిదిమందికి ఇరువదివేల చొప్పునను, ఒక్కనికి రెండు లక్షల ఇరువదివేలును వచ్చినచో సగటు నలువదివేలే యగును. అది అబద్ధము కాదు; కాని తొమ్మిదిమందికి అందులో సగమే. జీతములను వరుసగా పేర్చి నడుమనున్నదానిని, అనగా మధ్యగతమును చూచినచో ఇరువదివేలని తేలును. "నూటికి తొంబదిమందికి ఉద్యోగములు" అనినపుడు, ఏ నూరుమందిలో అని అడుగవలెను. నడుమ మానివేసినవారిని లెక్కలోనుండి తీసివేసిరా? ఈ ప్రశ్న వేయగల విద్యార్థి దత్తాంశ శాస్త్రమున మొదటి పాఠము నేర్చినట్లే.

పెద్దలకు మరియొక మాట. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ శిక్షణాలయముల ప్రకటనలపై మార్గదర్శక సూత్రములను వెలువరించినది. ఉద్యోగము ఖాయమని బూటకపు హామీ లిచ్చుట వానిచే నిషిద్ధము. మోసపోయినవారు 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. రుసుము చెల్లించుటకు ముందే షరతులను కాగితముపై పొంది, మానినచో ఎంత తిరిగి ఇత్తురో అడుగుడు. అప్పుపత్రముపై సంతకము చేయుటకు ముందు ఒక రాత్రి ఆగుడు.

శిక్షణమే వలదని మా మతము కాదు. చదువు వచ్చినవానికి మంచి గురువు మాదిరి ఇంటర్వ్యూలు నడిపి, చేసిన పనిలోని లోపములు చూపి, దరఖాస్తు దిద్దగలడు. అది విలువగల సాయమే. కాని అది చివరిమెట్టు. దానిని మొదటిమెట్టుగా కొనరాదు. మొదటిమెట్లకు చవుకైన దారులు కలవు. ఐ.ఐ.టి.లు నడుపు ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములను ఉచితముగా వినవచ్చును. మదరాసు ఐ.ఐ.టి. 2020లో ఆరంభించిన దత్తాంశ శాస్త్రపు చదువును ఇంటనుండియే సాగింపవచ్చును, ప్రవేశమునకు జె.ఇ.ఇ. అక్కరలేదు, నాలుగు వారముల పాఠములు చదివి అర్హతపరీక్షలో నెగ్గిన చాలును. ఆదాయము తక్కువగల కుటుంబములకు రుసుములో రాయితీయు కలదు.

"తెలుగు మాధ్యమమున చదువుటచేతనే మావాడు వెనుకబడెను" అని కొందరు తల్లిదండ్రులు వగచుచున్నారు. ఇంటర్వ్యూలు ఆంగ్లముననే జరుగును. కావున ఆంగ్లము నేర్వవలసినదే. కాని ఆ పిల్లవానికి కొరవడినది భాష కాదు, పాఠము. ఇంట తెలుగు, వీథిలో తమిళము, బస్సులో కన్నడము మాటాడు మన పిల్లలు ఒకచోటి మాటను మరియొకచోట బోధపరచుట ఊయలలోనే నేర్చినవారు.

సాంఖ్యకశాస్త్రమున జగత్ప్రసిద్ధులైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో నేటి కర్ణాటకములోని హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. వేకువ నాలుగు గంటలకు తల్లి లేపి దీపము వెలిగించి చదివించెడిదట. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము ముగించి, ఉద్యోగము వెదకుచు కలకత్తా పోయి, 1941లో భారతీయ సాంఖ్యక సంస్థలో శిక్షణమునకు చేరిరి. నాలుగేండ్లకే, 1945లో, నేటికిని ఆయన పేర పిలువబడు సిద్ధాంతమును ప్రకటించిరి. ఆయనయు శిక్షణము పొందినవారే. కాని దానికి ముందు వేకువ దీపము కలదు.

విద్యార్థులారా! ఈ సంవత్సరము ఆ చివరి పాఠమును తొందరలో ముగింపవలదని మా గణితోపాధ్యాయులను కోరితిమి; వారు సమ్మతించిరి. మీరును దానిని విడువకుడు. తల్లిదండ్రులారా! శిక్షణాలయమునకు పోవుటకు ముందు మాయొద్దకు రండు. తెలిసినది చెప్పుదుము, తెలియనిచో తెలియదనియే చెప్పుదుము.