నవల తెరకెక్కే వేళ

నవలను సినిమాగా మలచడాన్ని, అంటే అక్షరాల కోసం పుట్టిన కథను దృశ్యమాధ్యమపు షరతులకు లోబడి తిరిగి చెప్పడాన్ని, అనుసరణ అంటారు. ఈ సంచిక ఆ ప్రక్రియకే అంకితం. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో 'డాక్టర్ చక్రవర్తి'గా, ఆమెదే 'ప్రేమనగర్' 1971లో అదే పేరుతో, యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1976లో తెరకెక్కినప్పుడు, ఆ పాత్రలకు మనసులో ముందే రూపమిచ్చుకున్న పాఠకులు ప్రేక్షకులై థియేటర్లకు వెళ్లారు. దర్శకునికి అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది. నాయిక ఆత్మాభిమానాన్ని రచయిత్రి అంతర్గత కథనంతో, అనగా పాత్ర తనలో తాను ఆలోచించుకునే తీరుతో, పుటల కొద్దీ చెప్పగలదు. సినిమాకు మిగిలేది నటి ముఖం, కొంత మౌనం, మన చిత్రాల్లోనైతే పాట. కనుక ఎన్ని సన్నివేశాలు మిగిలాయన్న లెక్కతో విధేయతను కొలవడం సరికాదని, మూలంలోని వేదన మిగిలిందా అన్నదే ప్రశ్న అని ఈ సంచిక వ్యాసాలన్నీ వేర్వేరు దారుల్లో వాదిస్తున్నాయి. సుదీర్ఘ నవలలకు వెబ్ సిరీస్‌లు కొత్త చోటు చూపుతున్న ఈ కాలంలో ఆ చర్చ మరింత అవసరం. సంచిక ముగించాక పై మూడు నవలల్లో ఒక్కదాన్నైనా మళ్లీ తెరవమని పాఠకులను కోరుతున్నాం.