అమ్మ పాట ఎక్కడ పెట్టాను?

ఇంట్లో పోయిన వస్తువు ఇంట్లోనే ఉంటుందని మా అమ్మ అంటూ ఉండేది. కంప్యూటరులో పోయినదీ అంతేనని మొన్న తెలిసివచ్చింది గాని, ఈలోగా సగం ప్రాణం పోయింది.

అక్కయ్య తెనాలి నుంచి ఫోను చేసింది. "ఒరేయ్, పిల్ల పెళ్లి ఇక పదిరోజులున్నది. అమ్మ చెబుతుంటే నువ్వు రాసుకున్న అప్పగింతల పాట పంపరా. నాకు మొదటి చరణం తప్ప గుర్తు లేదు."

అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆ పాట మరెవరికీ రాదు.

"అదెంత పని!" అని కూర్చున్నాను. వెతికే గడిలో తెలుగులో "అప్పగింతలు" అని కొట్టాను. లేదన్నది. "అమ్మ" అన్నాను. అదీ లేదన్నది. కనబడినవల్లా "ఫైనల్", "అసలు ఫైనల్", "కొత్త ఫోల్డరు", దాని కడుపులో మరొక "కొత్త ఫోల్డరు". బ్రౌను దొర తాళపత్రాలు సేకరించి శుద్ధప్రతులు రాయించిన సంగతి క్లాసులో గంటసేపు చెప్పగలను. సొంత తల్లి పాటకు ఒక చీటీ అయినా కట్టలేదు!

"ఇన్నేళ్లూ బీరువా సర్దలేదని నన్నే అన్నారుగా!" అని మా ఆవిడ ఊరుకున్నది.

1998లో సైబర్ టవర్స్ తెరిచిన మాదాపూరుకు మా ఇల్లు కూతవేటు దూరం. ఏ మేడలో చూసినా కంప్యూటరు పండితులే. ఎదురు ఫ్లాటు కుర్రవాణ్ణి పిలిచాను.

"ఎప్పుడు టైపు చేశారు మాస్టారూ?" అన్నాడు.

"అమ్మ మా ఇంట ఉన్న 2007 సంక్రాంతికి."

"పేరు మరిచిపోయినా తేదీ గుర్తున్నది గదా!" అని, ఫైళ్లన్నిటినీ చివరిసారి మార్చిన తేదీ వరసన నిలబెట్టాడు. పాత కంప్యూటరు నుంచి కొత్తదానికి కాపీ చేసినా ఆ తేదీ సాధారణంగా చెక్కుచెదరదట. 2007 జనవరి దగ్గర "కొత్త 3" అనే అనాథ ఒకటి దొరికింది. తెరిస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాల చిందరవందర! నా గుండె జారిపోయింది.

కుర్రవాడు నవ్వి విప్పి చెప్పాడు. ఆనాటి డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలను కూర్చోబెట్టాయి. కంటికది తెలుగు, యంత్రానికి మాత్రం ఇంగ్లీషే. అందుకే తెలుగులో పిలిస్తే పలకలేదు. యూనికోడు 1991లోనే తెలుగుకు 128 స్థానాలున్న సొంత ఇల్లు కేటాయించింది. నేనే ఆ ఇంటికి మారలేదు.

పాత ఫాంటు ఎక్కించగానే తెలుగు తేలింది. దాన్ని యూనికోడులోకి మార్చి, తప్పిన ఒత్తులు దిద్దుకుంటూ చదువుతుంటే అమ్మ పక్కన కూర్చుని చెబుతున్నట్లే ఉన్నది.

ఆ రాత్రే దానికి "2007-01-14 అమ్మ అప్పగింతల పాట" అని పేరు పెట్టాను. సంవత్సరం, నెల, తేదీ ఈ వరసలో ముందు రాస్తే ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలుస్తాయి. ఒక నకలు విడిగా మరో డిస్కులో దాచాను.

పెళ్లిలో అక్కయ్య పాట అందుకున్నది. రెండో చరణానికే గొంతు పూడుకుపోతే, కాగితం చూసి మా ఆవిడ పూర్తి చేసింది.

మీ కంప్యూటరులోనూ మీ పెద్దల మాటలు ఏ "కొత్త ఫోల్డరు"లోనో నిద్రపోతూ ఉండవచ్చు. పిల్లలకు ఇరవై ఒకటో రోజున నామకరణం చేస్తాం. ఫైలుకు మాత్రం పుట్టిన రోజే చేసేయండి.