తలుపుకు బయట గడియ

ప్రశ్న: విశాఖపట్నంలో ఒక సంస్థ స్టాఫ్ క్వార్టర్ల మరమ్మతుల విభాగంలో నేను సూపర్‌వైజరుని. ఒక ఇంటి నుంచి ఏడాదిలో మూడుసార్లు పడకగది గడియ ఊడిపోయిందని కంప్లెయింటు వచ్చింది. మూడోసారి మా వడ్రంగి వెళితే, ఇంటాయన “లోపల వద్దు, బయట బిగించు” అన్నాడట. ఆవిడ తల వంచుకుని నిలబడిందే గాని నోరు విప్పలేదట. ఒంటిమీద దెబ్బలేమీ లేవు. “మొగుడూ పెళ్ళాల గొడవ, మనకెందుకు?” అన్నారు మా ఆఫీసులో. ఆ రాత్రి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. దెబ్బలు లేకపోతే హింస కాదా? మేమేం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీ నిద్రకు మందు రాయను. మీ అనుమానంలో అర్థం వుంది. దాని సంగతి చూస్తే నిద్ర అదే పడుతుంది.

దెబ్బ తగలకుండా కూడా మనిషిని హింసించవచ్చు. బజారుకు వెళ్ళివస్తే నిమిషాల లెక్క అడగడం, డ్యూటీ నుంచి గంటకోసారి ఫోను చేసి “ఇంట్లో ఎవరున్నారో వీడియోలో చూపించు” అనడం, ఏటీఎం కార్డు లాగేసుకోవడం, పుట్టింటి వాళ్ళతో మాట్లాడనివ్వకపోవడం, ఎవరితో నవ్వినా అనుమానించడం – విడివిడిగా చూస్తే ఇవి చిన్న విషయాలే. అన్నీ కలిపి రోజూ సాగితే ఆ ఇల్లు ఆమెకు జైలే. ఇంగ్లండులో 2015 నుంచి ఇలాంటి పెత్తనం దానికదే నేరం. మన దేశంలో గృహహింస చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమలవుతోంది. కొట్టడం, లైంగిక హింసలతోపాటు మాటలతో, మానసికంగా హింసించడం, డబ్బుకు కటకటలాడించడం కూడా ఈ చట్టం ప్రకారం హింసే.

ఎప్పుడూ భయంతో బతికే మనిషికి నిద్ర వుండదు. తలనొప్పి, గుండెదడ, కడుపునొప్పి, నీరసం వదలవు. రక్తపరీక్షలో ఏమీ కనబడదు. ఆవిడ మా దగ్గరకు వచ్చినా పక్కన భర్త వుంటాడు, ప్రశ్నలకు జవాబు అతనే చెబుతాడు. అందుకే డాక్టరు కంటే ముందు మీ వడ్రంగికి ఈ జబ్బు కనబడవచ్చు.

మన ఊళ్ళో ఇంకో చిక్కు కూడా వుంది. 1933లో పోర్టు తెరిచినప్పటి నుంచి, 1971లో ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగినప్పటి నుంచి ఎక్కడెక్కడి వాళ్ళో ఇక్కడికి ఉద్యోగాలకు వచ్చారు. సాలిగ్రామపురంలోనైనా, ఉక్కునగరంలోనైనా క్వార్టరు ఉద్యోగి పేరనే వుంటుంది. భార్యకు పుట్టిల్లు దూరం. “నోరెత్తితే క్వార్టరు పోతుంది, రోడ్డున పడతావు” అన్న బెదిరింపు ఒక్కటి చాలు.

మీ సిబ్బంది గమనించవలసినవి:

1. తలుపులు, గడియలు, అద్దాలు ఒకే ఇంట్లో పదేపదే విరగడం. గోడకు, తలుపుకు పిడిగుద్దుల సొట్టలు.
2. ఫిర్యాదు భార్య ఇస్తే భర్త వచ్చి రద్దు చేయించడం. అతను లేకుండా తలుపు తీయడానికే ఆమె భయపడటం.
3. ఏది అడిగినా ఆమె ముందు అతని ముఖం చూడటం.
4. పిల్లలు బిక్కచచ్చి మూల నక్కడం.
5. ఇరుగుపొరుగు నుంచి కేకల గురించి మళ్ళీ మళ్ళీ ఫిర్యాదులు.

ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకండి. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ళున్న ఇంట్లో కూడా బయట గడియ అడుగుతారు. గుర్తులు రెండు మూడు కలిస్తేనే అనుమానించండి.

ఇక ఏం చెయ్యాలి? ముందు ఆ గడియ బిగించకండి. “నిప్పు అంటుకుంటే లోపలి మనిషి బయటపడలేరు, ఆఫీసు ఒప్పుకోదు” అని చెప్పండి. తప్పు ఆఫీసు మీదికి పోవాలి. ఆవిడే ఏదో చెప్పిందన్న అనుమానం అతనికి రాకూడదు. భర్తను నిలదీయకండి, రాజీకి కూర్చోబెట్టకండి. మీరు వెళ్ళిపోయాక ఆ కోపమంతా ఆమె మీదే పడుతుంది.

ఆమె ఒంటరిగా వున్నప్పుడు మీ ఆఫీసులోని ఒక ఆడమనిషి చేత అడిగించండి: “అమ్మా, ఇంట్లో మీకు భయంగా వుంటుందా?” అంతే. ఆమె లేదంటే ఒత్తిడి చెయ్యవద్దు. “ఎప్పుడు కావాలన్నా చెప్పండి” అని వచ్చేయండి. చీటీలు ఇవ్వవద్దు, ఆమె ఫోనుకు మెసేజి పెట్టవద్దు. అవి ఎవరి కంట పడతాయో తెలియదు. 181 మహిళా హెల్ప్‌లైను నంబరు నోటితో చెబితే చాలు. అక్కడి నుంచి సఖి కేంద్రానికి దారి చూపిస్తారు. ప్రాణానికి ముప్పు అనిపిస్తే 112కు ఫోను చెయ్యండి.

గొంతు నులిమాడని తెలిస్తే మాత్రం ఆలస్యం వద్దు. మెడ మీద మచ్చ లేకపోయినా లోపల గాయం వుండవచ్చు. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, కళ్ళలో ఎర్రచుక్కలు కనిపించినా వెంటనే ఆస్పత్రికి పంపాలి. గొంతుమీద చెయ్యి వేసినవాడు మరోసారి ప్రాణమే తీయవచ్చు.

హింస జరుగుతోందని నమ్మడానికి కారణం వుంటే ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసరుకు తెలియజేయవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద కేసు వుండదని చట్టంలోనే రాశారు. అయినా ప్రాణాపాయం లేనప్పుడు ఆమెను అడిగి చెయ్యడమే మంచిది. తనకు ఏ రోజు ప్రమాదమో ఆమెకే బాగా తెలుసు.

ఇల్లు భర్త పేర వున్నంత మాత్రాన భార్యను గెంటివేయడానికి వీల్లేదు. కాపురమున్న ఇల్లు భర్త సొంతం కాకపోయినా అందులో వుండే హక్కు కోరవచ్చునని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. క్వార్టరు రూల్సు వేరు. అయినా వేరే వసతి చూపించమని, లేదా అద్దె కట్టమని మేజిస్ట్రేటు భర్తను ఆదేశించవచ్చు.

మీ ఆఫీసులో కూడా ఒక మార్పు చెయ్యండి. ఉద్యోగి సంతకం లేకపోయినా, ఇంట్లో ఎవరు ఫిర్యాదు ఇచ్చినా తీసుకోండి. ఆమె చెప్పింది అతని చెవిన వెయ్యకండి. మొగుడూ పెళ్ళాల గొడవలో ఇద్దరూ అరుస్తారు. ఒకరు అరుస్తుంటే రెండోవారు వణుకుతున్న చోట దాన్ని గొడవ అనరు. ఈ మాట మీ వడ్రంగికీ చెప్పండి. ఆ ఇంట్లోకి వెళ్ళగలిగింది అతనొక్కడే.