కౌంటర్ వెనుక కుర్చీ ఏదీ?

జంషెడ్‌పూర్ నగరంలోని గోల్‌మురిలో ఒక ఆదివారం సాయంత్రం. దేశమంతటా శాఖలున్న ఒక పెద్ద చిల్లర వర్తక సంస్థ దుకాణం కిటకిటలాడుతున్నది. బిల్లులు వేసే కౌంటర్లు ఆరు ఉన్నాయి. తెరిచినవి రెండే. ఒక్కొక్కదాని ముందు ఇరవై మందికి తక్కువ కాకుండా బారులు తీరి ఉన్నారు. వరుసలో ముందున్న పెద్దమనిషి నూనె డబ్బా ధర మీద తగవు పెట్టుకున్నారు. అరమీద అతికించిన చీటీలో ఒక ధర, యంత్రం చూపుతున్నది మరొక ధర. కౌంటర్‌లోని అమ్మాయి సూపర్‌వైజర్‌కు కబురు పంపింది. పది నిమిషాలు గడిచినా ఆయన రాలేదు. ఈలోగా వరుసలో ఉన్న వారందరి కోపమూ ఆ అమ్మాయి మీదికే మళ్ళింది.

మా అక్కయ్యతో తెలుగులో మాట్లాడుతుండగా విని, మా వంతు వచ్చేసరికి ఆ అమ్మాయి తెలుగులోనే పలకరించింది. తాతగారు శ్రీకాకుళం వైపు నుండి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. కూర్చోవడానికి ఏమీ లేదా అమ్మా అని అడిగితే, "లేదండీ. పొద్దున్న పదింటికి నిలబడితే రాత్రి షట్టర్ దించేదాకా ఇంతే. తిండికి అరగంట ఇస్తారు" అన్నది. సంచి అందిస్తూ మరొక మాట కూడా అన్నది: "రేటు నేను పెట్టలేదు కదండీ."

ఇంటికి నడిచి వస్తుంటే, టిన్‌ప్లేట్ కర్మాగారంలో పనిచేసి రిటైరైన బావగారు, "మా షాపులో క్రేన్ తోలేవాడికీ సీటుండేది" అన్నారు. కర్మాగార కార్మికుల పరిభాషలో షాపు అంటే ఒక పని విభాగం. కర్మాగారంలోని షాపులో ఉన్న ఆసనం బజారులోని షాపులో ఎందుకు లేదన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్న.

అంకెల్లో కనిపించని మనిషి

వార్తా సంస్థలు పంపే ఆర్థిక కథనాలను తెనిగించడం ఈ రచయితకు నిత్యకృత్యం. వ్యవస్థీకృత చిల్లర వర్తకం గురించి వారానికి రెండు మూడు వార్తలకు తక్కువ రావు. 2025 మార్చి నాటికి రిలయన్స్ రిటైల్ దుకాణాల సంఖ్య 19 వేలు దాటింది. 2002లో ముంబయిలో ఒక్క దుకాణంతో మొదలైన డీమార్ట్ అదే నాటికి 415కు చేరింది. ఈ కథనాలలో దుకాణాల సంఖ్య ఉంటుంది. విస్తీర్ణం ఎన్ని చదరపు అడుగులో ఉంటుంది. చదరపు అడుగుకు అమ్మకం ఎంతో కూడా ఉంటుంది. ఆ చదరపు అడుగు మీద పూటంతా నిలబడి ఉన్న మనిషి మాత్రం ఉండడు. ఆ మనిషి ఎదుట అరగంట నిరీక్షించే కొనుగోలుదారు సైతం 'వచ్చిపోయేవారి సంఖ్య'లో ఒక అంకె మాత్రమే.

ఈ ఇద్దరి ఇక్కట్లకూ మూలం ఒక్కటే. ఆరు కౌంటర్లకు ఇద్దరిని నియమించితే జీతాల ఖర్చు తగ్గుతుంది. ఆ తగ్గిన ఖర్చు యాజమాన్యం ఖాతాలో పొదుపుగా నమోదవుతుంది. అరగంట నిరీక్షణ రూపంలో కొనుగోలుదారూ, మడమల నొప్పి రూపంలో ఉద్యోగినీ చెల్లించే మూల్యం ఏ పద్దులోనూ చేరదు. అరమీది చీటీలు వేళకు మార్చే మనిషి లేకపోవడం వల్లనే ధరల తేడా తగవులు వస్తున్నాయి. వస్తువు ఎక్కడున్నదో చెప్పేవారు కనబడకపోవడానికీ అదే కారణం. కనబడినా వారు తరచు ఆ దుకాణం ఉద్యోగులు కారు. ఏదో ఒక సబ్బుల కంపెనీయో బిస్కెట్ల కంపెనీయో తన సరుకు అమ్మడానికి నిలిపిన ప్రచారకులు. ద్వారం వద్ద బిల్లు చూసి ముద్ర వేసే కాపలాదారు మరొక కాంట్రాక్టరు మనిషి. ఇక ఫిర్యాదు చేయదలచినవారు ఎవరికి చెప్పుకోవాలి? చేతికందేది కౌంటర్‌లోని అమ్మాయే. ఏ అధికారమూ లేని వ్యక్తి ముందు ఏ పరిష్కారమూ దొరకని వ్యక్తిని నిలబెట్టడమే ఈ వ్యవస్థలోని విశేషం.

గోల్‌మురికి తెలిసిన చరిత్ర

ఈ పరిస్థితి మరెక్కడ కనిపించినా ఆశ్చర్యం లేదు గానీ, జంషెడ్‌పూర్‌లో కనిపించడం ఆలోచింపజేస్తుంది. ఫ్యాక్టరీల చట్టం 1948లో వచ్చింది. దానికి 36 ఏళ్ళ ముందే, 1912లో, ఇక్కడి ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం అమలయింది. వేతనంతో కూడిన సెలవులు, ప్రావిడెంట్ ఫండ్ 1920లోనే ప్రవేశపెట్టారు. ఇవన్నీ యాజమాన్యం దయాదాక్షిణ్యాలుగా వచ్చినవని భావించడం పొరపాటు. 1920లోనూ, 1928లోనూ ఉక్కు కర్మాగారంలో పెద్ద సమ్మెలు జరిగాయి. బర్మా ఆయిల్ కంపెనీ, టాటాలు కలిసి 1920లో నెలకొల్పిన గోల్‌మురి టిన్‌ప్లేట్ కంపెనీలో 1929లో కార్మికులు నెలల తరబడి సమ్మె సాగించారు. జంషెడ్‌పూర్ కార్మిక సంఘానికి అధ్యక్షుడైన సుభాష్ చంద్రబోస్ ఆ సమ్మెకు అండగా నిలిచారు. ఆ టిన్‌ప్లేట్ కంపెనీ 2024 జనవరిలో టాటా స్టీల్‌లో విలీనమయింది.

ఉత్తరాంధ్ర జిల్లాల నుండి రైలెక్కి వచ్చి ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ హక్కుల విలువ అనుభవైకవేద్యం. తాత సెలవు చీటీ రాసి ఊరికి వెళ్ళి రాగలిగాడు. తండ్రి ప్రావిడెంట్ ఫండ్ సొమ్ముతో పిల్ల పెళ్ళి చేయగలిగాడు. మూడవ తరం అమ్మాయి మాత్రం కర్మాగారానికి కూతవేటు దూరంలోని దుకాణంలో, కూర్చునే వీలు కూడా లేని కొలువులో చేరింది. పరిశ్రమల నుండి సేవారంగానికి మారడాన్ని ఆర్థికవేత్తలు ప్రగతిగా పేర్కొంటారు. ఆ మార్పులో ఒక్క కుర్చీ దారిలో జారిపోయిన సంగతిని వారు గమనించినట్లు లేదు.

కుర్చీ కోసం ఒక శతాబ్దం

కుర్చీ అంత చిన్న విషయం కాదు. నిలబడి పనిచేసే కార్మికులకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ నిర్దేశించింది. దుకాణాలలో పనిచేసే స్త్రీలకు ఆసనాలు సమకూర్చాలని బ్రిటన్ 1899లోనే ప్రత్యేక చట్టం చేసింది. మన దేశంలో దుకాణాల ఉద్యోగినులు ఈ హక్కును ఉద్యమించి సాధించుకోవలసి వచ్చింది. కేరళలోని కోజికోడ్ నగరంలో, మిఠాయి వీధి దుకాణాలలో పనిచేసే స్త్రీలకు కుర్చీ మాట అటుంచి మరుగుదొడ్డి సౌకర్యం కూడా లేని రోజులలో, దర్జీ పని చేసుకునే పి. విజి వారిని కూడగట్టారు. 'పెంకూట్టు' పేరిట ఏర్పడిన ఆ స్త్రీల సంఘం ఏళ్ళ తరబడి పోరాడింది. త్రిస్సూరులోని ఒక పెద్ద వస్త్ర దుకాణం ఉద్యోగినులు 2014 చివరలో ప్రారంభించిన సమ్మె వంద రోజులు దాటింది. తత్ఫలితంగా 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కును చేర్చింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది.

అగ్రరాజ్యంలోనూ ఇదే కథ. కాలిఫోర్నియా రాష్ట్రంలో కౌంటర్ ఉద్యోగులకు ఆసనాలు ఇవ్వలేదన్న వ్యాజ్యాన్ని వాల్‌మార్ట్ సంస్థ 2018లో 6 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీ చేసుకున్నది. కుర్చీ కొనడం కంటే కుర్చీ లేకపోవడమే ఖరీదైన వ్యవహారమని ఆ సంస్థకు తొమ్మిదేళ్ళ న్యాయవివాదం నేర్పింది.

జార్ఖండ్ విషయానికి వస్తే, 1953 నాటి బీహార్ దుకాణాల, సంస్థల చట్టం 2000లో రాష్ట్ర విభజనతో పాటు ఇక్కడికి సంక్రమించింది. రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటల పరిమితిని అది విధించింది. 2025 నవంబరు 21న కేంద్రం అమలులోకి తెచ్చిన నాలుగు కార్మిక స్మృతులలో, వృత్తి భద్రతకు సంబంధించిన స్మృతి పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. నిలబడి పనిచేసే వారికి కూర్చునే ఏర్పాటును అది సంక్షేమ సౌకర్యాల జాబితాలో చేర్చింది. నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి చేసింది. కనుక చట్టం లేదని సాకు చెప్పే వీలు యాజమాన్యాలకు లేదు. అయితే చట్టం పుస్తకంలో ఉండడం వేరు, కౌంటర్ వెనుక ఉండడం వేరు.

కొనుగోలుదారుకూ చట్టం ఉన్నది

కొనుగోలుదారు కూడా దిక్కులేనివాడేమీ కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమలులోకి వచ్చింది. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులో, గడువు లేకుంటే 30 రోజులలో వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతులని అది స్పష్టం చేసింది. నమ్మి చెప్పిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం అనుమతించని రీతిలో ఇతరులకు వెల్లడించడం కూడా అంతే. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న అట్టముక్క గోడమీద వేలాడుతున్నంత మాత్రాన చట్టం రద్దు కాదు.

సంచుల సంగతే చూడండి. 2019లో చండీగఢ్ వినియోగదారుల ఫోరం, తన సంస్థ పేరు ముద్రించిన సంచికి మూడు రూపాయలు వసూలు చేసిన బాటా సంస్థను సుమారు తొమ్మిది వేల రూపాయలు చెల్లించవలసిందిగా ఆదేశించింది. 2020 డిసెంబరులో జాతీయ కమిషన్ బిగ్ బజార్ కేసులో, ముందుగా తెలియజేయకుండా బిల్లు వేసే సమయంలో సంచికి సొమ్ము వసూలు చేయడం అనుచితమని తేల్చింది. ఫోన్ నంబరు చెప్పనిదే బిల్లు వేయమని పట్టుబట్టరాదని వినియోగదారుల వ్యవహారాల మంత్రిత్వశాఖ 2023 మేలో వర్తక సంస్థలకు సూచించింది.

ఇక్కడ కూడా ఒక అంశం గమనార్హం. సంచి అంటగట్టేదీ, ఫోన్ నంబరు అడిగేదీ, సభ్యత్వ కార్డు తీసుకోమని బతిమాలేదీ ఆ కౌంటర్‌లోని ఉద్యోగియే. ఆ నిబంధనలు రూపొందించిన వారు వేరే నగరంలో, కుర్చీలలోనే కూర్చుని ఉంటారు. మనం విసుక్కున్న ప్రతిసారీ ఆ విసుగు గమ్యం చేరకుండా దారిలోనే నిలిచిపోతున్నది.

యాజమాన్యాల వాదన

చిల్లర వర్తకంలో నికర లాభం నూటికి కొద్ది రూపాయలే గనుక సిబ్బందిని పెంచడం సాధ్యం కాదని యాజమాన్యాలు వాదిస్తాయి. ఇందులో కొంత నిజం లేకపోలేదు. వీధి చివరి కిరాణా కొట్టు ధర్మక్షేత్రమేమీ కాదన్నదీ నిజమే. అక్కడి కుర్రవాడికి పని గంటలు లేవు, ప్రావిడెంట్ ఫండ్ లేదు, చాలాచోట్ల కొనుగోలుదారుకు బిల్లూ లేదు. పెద్ద దుకాణాలు రావడం వల్ల ముద్రిత బిల్లు, తూకంలో నిక్కచ్చితనం, జీతం బ్యాంకులో పడడం వంటివి అలవాటయ్యాయి. ఈ మేలును విస్మరించరాదు.

అయితే చౌకధర అన్నది ఒక్కటే ఆధారంగా కట్టిన వ్యాపారం ఎంత దృఢమైనదో కూడా మనం చూశాము. 2007 మేలో రాంచీలో రిలయన్స్ ఫ్రెష్ దుకాణాలపై కూరగాయల వర్తకులు దాడి చేసినపుడు, పెద్ద సంస్థలు వస్తే చిన్నవారు మునిగిపోతారన్నది అందరి భయం. మునిగిన వాటిలో పెద్దవీ ఉన్నాయి. దేశంలో సుమారు 1,600 దుకాణాలు తెరిచిన సుభిక్ష సంస్థ 2009 ఆరంభానికి మూతపడింది. ఉద్యోగుల జీతాలు, ప్రావిడెంట్ ఫండ్ బకాయిలు నిలిచిపోయాయి. 2001లో మొదలై ఇంటింటి పేరయిన బిగ్ బజార్ దుకాణాలు 2022లో అప్పుల ఊబిలో చేయి మారాయి. ఆ పేరు వీధి నుండి మాయమయింది. సిబ్బందిని కుదించి మిగిల్చిన రూపాయి సంస్థను ఒడ్డుకు చేర్చుతుందన్న హామీ ఎక్కడా లేదని దీనివల్ల తేలుతున్నది.

కోపం చేరవలసిన చిరునామా

మరి సామాన్యుడు చేయగలిగినదేమిటి? మొదటిది, ధర తేడా వచ్చినపుడు అరమీది చీటీని ఫోటో తీసి, బిల్లు భద్రపరచుకుని, కౌంటర్‌లోని ఉద్యోగితో తగవు మాని 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు తెలియజేయాలి. పరిష్కారం కాకపోతే జిల్లా కమిషన్ ఉన్నది. అయిదు లక్షల రూపాయల లోపు విలువ గల కేసులకు అక్కడ రుసుము కూడా లేదు. రెండవది, ఫిర్యాదుల పుస్తకంలో మన కష్టంతో పాటు మూసి ఉన్న కౌంటర్ల సంఖ్యనూ, లేని కుర్చీనీ రాయాలి. ఉద్యోగి అడిగితే కొలువు పోతుందన్న భయం ఉంటుంది. కొనుగోలుదారు అడిగితే ఎవరి కొలువూ పోదు. కార్మిక శాఖ తనిఖీ అధికారులు సెలవు దినాల సాయంత్రాలలో ఈ దుకాణాలను ఒక్కసారి సందర్శించడం మూడవది. రికార్డులు చెప్పని సంగతులు ఆ క్యూలు చెబుతాయి.

గోల్‌మురి వీధులలో ఎనిమిది గంటల పనిదినపు సైరన్ విని పెరిగిన తరాలున్నాయి. షిఫ్టు ముగిసిన తర్వాత ఇంటికి వచ్చి కూర్చోవడం ఎంతటి సుఖమో ఆ కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ ఆదివారం సరుకులకు వెళ్ళినపుడు వారు చేయవలసిన పని ఒక్కటే. కౌంటర్‌లోని అమ్మాయిని కాక, మేనేజరును పిలిపించి అడగాలి: ఈ పిల్లకు కుర్చీ ఏదండీ?